పోటుకు తేలే పరుపు

చలి సముద్రం ఒడ్డున ఉన్న లూద్‌గుబాలో తెల్లవారిందంటే పఖోమ్ వచ్చి తలుపు కొట్టాల్సిందే. పొయ్యి మీద నీళ్ళు కాగకముందే, తొడల దాకా తారు పూసిన బూట్లు తొడుక్కుని, భుజాన తెడ్డు వేసుకుని దిగేవాడు. లోపలికి మాత్రం వచ్చేవాడు కాదు. ఆ బూట్లతో గడప దాటితే తల్లి మావ్రా చీపురు తిరగేస్తుందని భయం. యాభై మూడేళ్ళవాడు, నాలుగు పడవలకీ పదకొండు మంది జాలర్లకీ పెద్ద, గుమ్మం అవతలే నిలబడి మేనకోడల్ని కేకేసేవాడు.

"తేలిందా, ఉలీతా?"

ఉలీత కళ్ళు తెరవకుండానే పరుపు కిందకి చెయ్యి పోనిచ్చేది. మంచం బల్లలకీ పరుపుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో తడిమి చూసేది.

"మూడు వేళ్ళు, మామయ్యా!"

"ఎక్కుతోందా, దిగుతోందా?"

"ఎక్కుతోంది. నువ్వు కాస్త గొంతు దించు, నా కడుపులోది ఉలిక్కిపడుతోంది."

"ఉలిక్కిపడనీ. జాలరి బిడ్డకి ఇప్పట్నుంచే అలవాటవ్వాలి." బూట్లు టపటపలాడించుకుంటూ పఖోమ్ రేవు వైపు వెళ్ళిపోయేవాడు. ఇంకాసేపటికి నాలుగు పడవలూ నీళ్ళలోకి దిగేవి.

ఆ పరుపు మావ్రా తన పెళ్ళికి తానే కుట్టుకున్నది. ఆ రోజుల్లో లూద్‌గుబా ఆడపిల్లలందరూ అంతే. పెళ్ళి కుదిరిన వేసవిలో, సముద్రం ఆటు తీసినప్పుడు, ఊరి ముందున్న అఖాతంలోకి ఉత్త కాళ్ళతో దిగి మోకాలెత్తు పెరిగిన సముద్రపు గడ్డి కోసేవారు. రాళ్ళ మీద ఆరబెట్టి, నీలం చారల గుడ్డ సంచీలో కూరి, అవిసె దారంతో కుట్టుకునేవారు. మిగతా వాళ్ళ పరుపులు చివికి ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి. మావ్రా పరుపు మాత్రం యాభై అయిదేళ్ళుగా పోటుకి లేస్తూ ఆటుకి దిగుతూ వచ్చింది. మామూలు రోజుల్లో మూడు నాలుగు వేళ్ళు, పున్నమికీ అమావాస్యకీ జానెడు. దాంతో వచ్చిన చిక్కల్లా దుప్పటి జారిపోవడమే, అందుకని నాలుగు మూలలా గుండీలు కుట్టి పెట్టుకున్నారు. ఉలీత మొగుడు తిఖోన్ పక్కన పడుకుంటే బరువుకి పరుపు ఒకవైపు ఒరిగిపోతోందని, పెళ్ళైన రెండో వారమే అతన్ని కిటికీ కింద బల్ల మీదకి తోలేశారు. మావ్రా ఎలాగూ పొయ్యి మీది వెచ్చటి అరుగు వదిలి కిందకి దిగదు.

చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు ఆవిరి స్నానాల గదిలో పురుడు పోసుకుంటారు. లూద్‌గుబాలో నొప్పులు మొదలైతే నేరుగా మావ్రా ఇంటికే. పోటెక్కే వేళకి పరుపు నడుం కింద మెల్లగా లేచి ఆసరా ఇచ్చేది. మిగతాది మావ్రా చేతులు చూసుకునేవి. పఖోమ్ దాని మీదే పుట్టాడు, తిఖోన్ దాని మీదే పుట్టాడు, పఖోమ్ చెల్లెలు అనీస్య దాని మీదే పుట్టి, దాని మీదే ఉలీతని కని, ఉలీతకి ఆరేళ్ళప్పుడు ఒక చలికాలమంతా దగ్గుతూ దాని మీదే పడుకుని పోయింది. ఆవిడ ఒత్తిగిల్లి పడుకున్న చోట, ఎడమ పక్కన, ఒక గుంట మిగిలింది. కర్రతో కొట్టినా, దులిపి ఎండలో వేసినా ఆ గుంట పూడలేదు. ఉలీత అందులో ఒదిగి పడుకునే పెరిగింది. అమ్మ ముఖం ఎలా ఉండేదో ఆమెకి సరిగ్గా గుర్తులేదు గానీ, అమ్మ వీపు ఎంత వెడల్పో బాగా తెలుసు.

ఇప్పుడు ఉలీతకి ఎనిమిదో నెల. జూన్ మొదట్లో అవుతుందని మావ్రా లెక్క కట్టింది. మొదటి ఓడ వచ్చేది జూన్ నడిమికి గానీ కాదు కనక పెద్దాసుపత్రి మాటెవరూ ఎత్తలేదు. ఉలీతకీ ఆ దిగులు లేదు. అమ్మ గుంటలో పడుకుని కంటాను, ఇంకేం కావాలి అనుకునేది.

దిగులు వేరే చోట ఉంది. ఊరుంటుందా అన్నది దిగులు.

పన్నెండేళ్ళ కిందట, ఒకే ఒక్క వేసవిలో, అఖాతంలో గడ్డి చచ్చిపోయింది. ఆకులు మచ్చలు పడి, నల్లబడి, కుప్పలు కుప్పలుగా ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. అడుగున ఉత్త ఇసక మిగిలింది. హెర్రింగు చేప గుడ్లు పెట్టేది ఆ గడ్డి మీదే. గడ్డి పోయాక అది అఖాతం మొహం చూడ్డం మానేసింది. దాని వెనక వచ్చే బాతులూ తగ్గాయి, సీల్ జంతువులూ తగ్గాయి, ఆఖరికి ఊళ్ళో కుర్రవాళ్ళూ తగ్గారు. చలికాలంలో మంచుకి కన్నం పెట్టి పట్టే చిన్న చేపలతో ఊరు ఎలాగో నెట్టుకొస్తోంది. పోయిన శరత్తులో జిల్లా నుంచి కాగితం వచ్చింది. ఈ వసంతానికి కూడా హెర్రింగు రాకపోతే లూద్‌గుబాని ఖాళీ చేయించి, అడవిలో రెండు వందల కిలోమీటర్ల లోపల, దుంగలు కోసే ఊళ్ళో అందరికీ ఇళ్ళిస్తారట. ఇళ్ళకి కరెంటు కూడా ఉంటుందట.

"కరెంటు ఉంటే ఉండనీ. అక్కడ పరుపు దేన్ని చూసి తేలుతుందీ?" అంది ఉలీత, కాగితం విన్న రోజున. 

అఖాతానికి అవతలి కొమ్మున సముద్ర పరిశోధన కేంద్రం ఉంది. అందులో పని చేసే అర్సేనీ ఇల్యీచ్ పది రోజులకోసారి చిన్న పడవలో వచ్చి, రెండు రాళ్ళ మధ్య, ఎప్పుడూ ఒకే చోట, తాడు కట్టిన థర్మామీటర్ నీళ్ళలోకి దింపేవాడు. పదిహేనేళ్ళుగా ఎండా వానా మంచూ చూడకుండా అదే పని. మంచు కాలంలో కన్నం తవ్వి దింపేవాడు. సన్నటి మనిషి, గడ్డం ఒకవైపు పలచన, ఆడవాళ్ళతో మాట్లాడాల్సొస్తే టోపీ చేతిలోకి తీసుకునేవాడు. ఆయన దగ్గర అచ్చేసిన ఆటుపోట్ల పట్టికలుండేవి, అయినా ముందు మావ్రా ఇంటికొచ్చి పరుపు సంగతి అడిగే పడవెక్కేవాడు.

"పట్టికలు వేసేవాళ్ళు పట్నంలో ఉంటారు కదండీ, పరుపేమో ఇక్కడుంది," అనేవాడు.

థర్మామీటర్ పట్టుకున్న ప్రతివాడూ మావ్రా లెక్కలో డాక్టరే.

"ఏం డాక్టరుగారూ, సముద్రానికి జ్వరమెంతుంది ఇవాళ?" అని పొయ్యరుగు మీంచే అడిగేది.

"ఒకటిన్నర, మావ్రా బామ్మా."

"ఎక్కువా, తక్కువా?"

"ఒక్కరోజుది చూస్తే ఏమీ తెలీదు బామ్మా. నేనొచ్చిన కొత్తలో వరసగా కొన్నేళ్ళు నీళ్ళు వెచ్చబడ్డాయి. ఆ వెనకే గడ్డికి తెగులొచ్చింది. అందుకే వచ్చిందా, ఇంకేమైనా ఉందా, చెప్పలేను. ఇప్పుడు నాలుగేళ్ళుగా మళ్ళీ చల్లబడుతున్నాయి. పదేళ్ళది చూస్తే కొంచెం అర్థమవుతోంది. ఇంకో ముప్పై ఏళ్ళు కొలిస్తే అసలు సంగతేమిటో తెలుస్తుంది."

"ముప్పై ఏళ్ళా! మంచిది. అప్పుడొచ్చి నా సమాధి మీద తట్టి చెప్పు నాయనా, మర్చిపోకు."

ఆయన నవ్వి, ఉలీత పెట్టిన చేప రొట్టె అటూ ఇటూ చూడకుండా తినేసేవాడు. పెళ్ళాం లేని మనిషి తిండి అలాగే ఉంటుందని ఉలీతకి జాలి. ఆయనే రెండేళ్ళ కిందట ఊరికో ఉపాయం చెప్పాడు. గడ్డి లేకపోతే ఫర్ చెట్ల కొమ్మలు కట్టలు కట్టి, రాళ్ళు వేలాడదీసి అఖాతంలో దింపండి, హెర్రింగు వాటి మీద గుడ్లు పెట్టొచ్చు అన్నాడు. పఖోమ్ మనుషులు వారం పాటు కొమ్మలు కొట్టి, రెండు వందల కట్టలు దింపారు. హెర్రింగు అఖాతం నోటి దాకా వచ్చింది. నీళ్ళు వెండిలా మెరిశాయి, ఊరంతా ఒడ్డున నిలబడి చూసింది. అది అటూ ఇటూ తచ్చాడి, వెనక్కి తిరిగి పోయింది. పోయినేడు నాలుగు వందల కట్టలు దింపారు. పోయినేడూ అంతే.

"కడుపుతో ఉన్న మనిషి గుమ్మం దాకా వచ్చి, లోపల మంచం నచ్చక వెనక్కి పోయినట్టుంది," అన్నాడు అర్సేనీ తల గోక్కుంటూ. "ఏం నచ్చలేదో మాత్రం నాకు అంతుపట్టడం లేదు."

"నీ చదువు నచ్చలేదు," అన్నాడు పఖోమ్.

ఆ మాటకి అర్సేనీ నెల రోజులు ఊళ్ళోకి రాకుండా పడవలోంచే కొలత తీసుకుని అటునించటే వెళ్ళిపోయాడు. ఉలీత చేప రొట్టె గుడ్డలో కట్టి రాళ్ళ మీద పెట్టి వచ్చేది.

మే రెండో వారంలో మంచు విరిగి గాలికి బయటికి కొట్టుకుపోయింది. అఖాతం ముఖం కడుక్కున్నట్టు తేటపడింది. సరిగ్గా అప్పుడే పరుపు మాట వినడం మానేసింది.

మొదటి రోజు పఖోమ్ వచ్చి అడిగాడు, ఉలీత తడిమి చూసి జానెడు అంది. పున్నమి ఇంకా ఐదు రోజులుంది. సరే కాబోలని పడవలు దించారు. నాలుగు పడవలూ బురదలో కూరుకుపోయి ఆరు గంటలు కదల్లేదు. మధ్యాహ్నానికి పఖోమ్ నడుం దాకా బురదతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇదేనా జానెడు? నీళ్ళెక్కడున్నాయో చూపించు! అక్కడ నత్తలు నన్ను చూసి నవ్వుతున్నాయి!"

"నా మీద ఎందుకరుస్తావ్? నువ్వే వచ్చి తడుముకో."

"పరుపుకి మతి పోయినట్టుంది."

"నీకంటే రెండేళ్ళు పెద్దదిరా అది," అంది మావ్రా పైనుంచి. "మతి సంగతి నువ్వా మాట్లాడేది? ముందు ఆ బురద కాళ్ళు వెనక్కి తీయి."

రెండో రోజు ఆటు వేళ కూడా పరుపు దిగలేదు. మూడో రోజు మంచం మీంచి పక్కకి జరిగి, ఉలీతని మోసుకుంటూ నెమ్మదిగా తలుపు దాకా వెళ్ళి, గడపకి తగిలి ఆగింది. పాలు పట్టుకొచ్చిన పొరుగావిడ దాన్ని మోకాలితో పక్కకి నెట్టి లోపలికొచ్చి, గిన్నె బల్ల మీద పెట్టి వెళ్ళింది. తిఖోన్ పరుపుని మంచం మీదకి లాగి, పడవల కొట్టంలోంచి కొత్త తాడు తెచ్చి మంచం కోళ్ళకి కట్టబోయాడు.

తాడు తగలగానే పరుపు ముడుచుకుంది. ఆ తర్వాత ఒళ్ళంతా ఒక్కసారి వణికి, తాడు కిందనించి జారి గోడకి అతుక్కుపోయింది.

"చూశావా, పొగరు!" అన్నాడు తిఖోన్. మంచి మొగుడే, కానీ తలుపైనా పడవైనా పరుపైనా మొరాయిస్తే తనతో పోట్లాటకొచ్చిందనుకుంటాడు. చేతులు చాపి రెండోసారి కట్టాడు. పరుపు రెండోసారీ జారిపోయింది. మూడోసారి మోకాలు పెట్టి అదిమి కట్టబోతే అతన్నే కింద పడేసింది.

ఉలీత గోడకానుకుని చూస్తోంది. వలలో పడబోయిన చేప సరిగ్గా ఇలాగే తప్పుకుంటుంది. ఆమె తాడు చేతిలోకి తీసుకుని వాసన చూసింది.

"తారు వేయని తాడు ఒకటి తీసుకురా."

"తారు వేయని తాడా?" తిఖోన్ నోరు తెరిచాడు. "అది తాడెలా అవుతుంది?"

అతని తప్పు కాదు. లూద్‌గుబా వాళ్ళకి తారు లేనిదే పొద్దు గడవదు. పడవలకి తారు, తాళ్ళకి తారు, వలలకి తారు, బూట్లకి, కప్పుకి, గుమ్మాలకి తారు. పన్ను నొప్పి వస్తే పఖోమ్ పుల్లతో కాస్త తారు పంటికి రాసుకుంటాడు. అక్కడ పుట్టినవాళ్ళ ముక్కులకి ఆ వాసన తెలియను కూడా తెలియదు. ఉలీతకి కడుపుతో ఉండబట్టి తెలిసింది, ఈ నెలల్లో ఆమె ముక్కు అవతలి ఒడ్డున ఉల్లిపాయ తరిగినా చెప్పగలదు.

ఆమె నడుముకున్న ఉన్ని పట్కా విప్పి, పరుపుని దాంతో కట్టింది. పరుపు కిక్కురుమనకుండా కట్టించుకుంది.

మర్నాడు అర్సేనీ కొలతల రోజు. ఉలీత పొట్ట పట్టుకుని రాళ్ళ మీదుగా నడిచి ఆయన పడవ దగ్గరికెళ్ళింది. వల సరిచేసుకుంటూ పఖోమ్ అక్కడే ఉన్నాడు.

"అర్సేనీ ఇల్యీచ్, ఆ ఫర్ కొమ్మలు దేంతో కట్టమన్నారు మీరు?"

"తాడుతో."

"ఏ తాడుతో?"

ఆయన పఖోమ్ వైపు తిరిగాడు. పఖోమ్ రొమ్ము విరుచుకున్నాడు.

"ఏ తాడేవిటి? మంచి తాడే! మొదటేడు ఒక పూత వేశాను. పోయినేడు హెర్రింగు పనికదా అని ప్రత్యేకంగా రెండు పూతలేయించాను!"

అర్సేనీ మెల్లగా పడవ అంచున కూర్చున్నాడు.  తర్వాత టోపీ తీసి, "నేనే అడగాల్సింది," అన్నాడు. "పదిహేనేళ్ళుగా నీళ్ళ వేడి కొలుస్తున్నాను. వాసన కొలవాలని తోచలేదు."

పఖోమ్ ముఖం ముందు ఎర్రబడింది, ఆ తర్వాత పాలిపోయింది. ఆరు వందల కట్టలు తన చేతుల్తో కట్టించాడు. కోపమొస్తే ఊరు అదిరేలా అరిచే మనిషి, ఆ క్షణాన వల కిందపడేసి సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. ఉలీతకి అతన్ని చూస్తే గుండె తరుక్కుపోయింది.

అఖాతం నోటి దగ్గర బాతులు అప్పటికే గుంపులు కట్టాయి. వాటి వెనక సీళ్ళ తలలు నల్లగా కనిపిస్తున్నాయి. హెర్రింగు వచ్చేసింది, రేపో ఎల్లుండో గుమ్మంలో ఉంటుంది. కొత్త కొమ్మలు కొట్టుకొద్దామా అంటే అడవిలో మంచు కరిగి నడుం లోతు బురదగా ఉంది, వెళ్ళిరావడానికే మూడు రోజులు. ఊళ్ళో తారు తగలనిది ఏముందని ఇల్లిల్లూ వెతికారు. దుప్పట్లు, తలగుడ్డలు, ఊళ్ళో చర్చి ఉన్న కాలం నాటి ఒక తెర బయటపడ్డాయి గానీ, గుడ్డ మీద ఏ చేపా గుడ్లు పెట్టదు.

సాయంత్రం అందరూ మావ్రా ఇంట్లో కూడారు, బూట్లు బయట విడిచి. సమోవార్ పొగలు కక్కుతోంది. ఎవరూ టీ తాగడం లేదు. పరుపు ఉన్ని పట్కా లాగినంత మేర లాగి, తలుపు వైపే ఒరిగి తేలుతోంది.

"దాని కడుపులో ఉన్నది అఖాతం గడ్డే. నాలుగు రోజులుగా ఎటు పోతానంటోందో చూస్తూనే ఉన్నారుగా," అంది మావ్రా.

చూస్తూనే ఉన్నారు. అందరూ పరుపుని చూసి, ఆ వెంటనే ఉలీత పొట్టని చూసి, తలలు దించుకున్నారు.

"కుదరదు," అన్నాడు పఖోమ్ అందరికంటే ముందు. "అనీస్య కూతురు దాని మీదే కనాలి. దుంగలు కోసుకుని బతకమంటే బతుకుతాం. రంపం పట్టుకోవడం రాదా నాకు?"

"నీకు రాదు మామయ్యా," అంది ఉలీత.  "అమ్మమ్మా, నువ్వేమంటావ్?"

"నేనేం అనను. దాని మీద తర్వాత ఎవరు కంటారో పరుపు వాళ్ళది. నా వంతు ఎప్పుడో అయిపోయింది."

"అంటే నన్నే అనమంటారు. అందరూ కలిసి నా నోటితోనే అనిపించాలని!" ఉలీతకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "లేవండి! అందరూ బయటికి నడవండి!"

నడిచారు. మావ్రా కూడా, చలికాలం మొదలయ్యాక మొదటిసారి, ఒకరి భుజం పట్టుకుని పొయ్యరుగు దిగి బయటికెళ్ళి బల్ల మీద కూర్చుంది.

ఉలీత తన గుంటలోకి ఎక్కి పడుకుంది. మే నెల వెలుతురు కిటికీలోంచి దుప్పటి మీద పడుతోంది. ఇవ్వను అనుకుంది. హెర్రింగుకి సముద్రమంతా ఉంది, నాకిదొక్కటే ఉంది అనుకుంది. వీపు వెనక అమ్మ వీపు ఉన్నట్టే ఉంది. లోపల బిడ్డ తన్నింది. ఆ తన్నుకి జవాబన్నట్టు పరుపులో గడ్డి సన్నగా కదిలింది.

ఆ కదలికతో ఆమెకి ఒక వేసవి గుర్తొచ్చింది. అయిదేళ్ళుంటాయేమో. ఆటు తీసిన అఖాతంలో అమ్మ చెయ్యి పట్టుకుని నడుస్తోంది. గడ్డి కాళ్ళకి చుట్టుకుంటోంది, పిక్కలకి గసగసాల్లాంటి గుడ్లు అంటుకున్నాయి. చక్కిలిగింతలు పెడుతున్నాయని తను నవ్వుతోంది. అమ్మ ఆ నీళ్ళలోనే మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్క గుడ్డూ చిటికెన వేలితో తీసి, ఒక్కొక్కటీ తిరిగి గడ్డికి అంటించింది. ఒక్కటి కూడా వదల్లేదు. పిల్ల కాళ్ళు చలికి నీలం తిరుగుతున్నా వదల్లేదు. ఇంటికొచ్చాక ఆ కాళ్ళని తన కడుపుకి ఆనించుకుని వెచ్చబెట్టింది.

ఉలీత చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీదుకుని, పట్కా విప్పేసింది. తలుపు తెరిచి, "అమ్మమ్మా, నీ కత్తెరెక్కడ పెట్టావ్?" అని కేకేసింది.

మర్నాడు పొద్దున పోటెక్కుతుండగా పరుపు గుమ్మం దాటింది. పడవలో తీసుకెళ్దామంటే పడవంతా తారే. అందుకని ఉలీత పరుపు మీదే కూర్చుంది, ఒళ్ళో కత్తెర పెట్టుకుని. అది ఆమెని మోసుకుంటూ మెట్లు దిగి, ఆరేసిన వలల మధ్యనించి, రాళ్ళ మీదుగా నీళ్ళలోకి సాగింది. వెనకే ఊరంతా. ఒడ్డున మగవాళ్ళు బూట్లు విప్పేశారు. పఖోమ్ కాళ్ళు ఊళ్ళో ఎవరూ చూసెరగరు, పసిపిల్లల కాళ్ళంత తెల్లగా ఉన్నాయి.

"నీళ్ళెంత చల్లగా ఉన్నాయండీ?" అని అడిగాడు అర్సేనీని.

"మూడు డిగ్రీలు."

"సరే," అని పఖోమ్ నడుం లోతుకి దిగి, పళ్ళు గిట్టకరుచుకుని పరుపు ఒక కొస పట్టుకున్నాడు. తిఖోన్ రెండో కొస పట్టుకున్నాడు. అర్సేనీ కూడా దిగాడు, ఎవరూ పిలవకుండానే.

ఉలీత కుట్టు మీద కత్తెర పెట్టింది. అవిసె దారం చటుక్కున తెగింది. యాభై అయిదేళ్ళ గడ్డి గోధుమరంగుకి తిరిగి పొడి పొడిగా ఉంటుందనుకుంది. లోపల పచ్చగా ఉంది. నిన్న కోసినంత పచ్చగా, తడిగా, ఉప్పు వాసనతో. ఆమె గుప్పెడు తీసి నీళ్ళలో వదిలింది. గుప్పెడు గడ్డీ మెల్లగా అడుక్కి దిగి, ఇసకలో పాదం మోపి నిటారుగా నిలబడింది. పక్కన ఇంకో గుప్పెడు. దాని పక్కన ఇంకోటి. కుడి పక్కంతా అయ్యాక ఎడమ పక్కకొచ్చింది. గుంట దగ్గర ఆమె చెయ్యి ఆగింది. నీళ్ళలో ఉన్నవాళ్ళ పెదాలు నీలమెక్కుతున్నా ఎవరూ తొందరపెట్టలేదు.

"మామయ్యా, నీకు అమ్మ ముఖం గుర్తుందా?"

"నీ ముఖమే," అన్నాడు పఖోమ్, చలికి వణుకుతూ. "ముక్కొక్కటే నాది."

ఆమె ఏడుస్తూ నవ్వింది. మిగిలిన గడ్డిని రెండు చేతులా ఎత్తి, గుంట ఉన్నదున్నట్టుగా, చెదరకుండా నీళ్ళలో వదిలింది. సంచీ ఖాళీ అయి, మునగబోయే ముందు తిఖోన్ ఆమెని వీపు మీదకి తీసుకుని, సంచీ చేత పట్టుకున్నాడు. ఒడ్డుకొచ్చాక మావ్రా మగవాళ్ళందరికీ తలా ఒక గ్లాసు వోడ్కా పోసి, అర్సేనీకి రెండు పోసింది.

ఆ మర్నాడు హెర్రింగు వచ్చింది. అఖాతం నోటి దగ్గర తచ్చాడింది. ఊరంతా ఒడ్డున ఊపిరి బిగబట్టి నిలబడింది. పడవలన్నీ ముందే దూరంగా లాగేశారు, తాళ్ళన్నీ కొండ వెనక దాచారు, పఖోమ్ పన్ను కూడా సబ్బుతో తోముకున్నాడు. చేప ఒక్కసారిగా లోపలికి తిరిగింది. మధ్యాహ్నానికి నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. ఆటు తీశాక చూస్తే ఒక్కో గడ్డిపోచా గుడ్ల బరువుకి ఒరిగిపోయి ఉంది. ఎడమ పక్కన చిన్న గుంట ఉన్న చోట గుడ్లు వేలు మందాన పేరుకున్నాయి. ఆ యేడు ఆ అఖాతంలో వల వేయకూడదని పఖోమ్ గట్టిగా చెప్పాడు. బయట సముద్రంలో పట్టిందే నాలుగు పడవలకీ సరిపోయింది.

జూన్ నడిమికి మొదటి ఓడలో జిల్లా ఆయన వచ్చాడు. తోలు సంచీలోంచి కాగితం తీసి చదవబోతే, మావ్రా ముందు చేప రొట్టె తినమంది. తిన్నాడు. తర్వాత అర్సేనీ ఆయన్ని గడ్డి దగ్గరికి తీసుకెళ్ళి, పదిహేనేళ్ళ కొలతల పుస్తకాలు తెరిచి, సాయంత్రం దాకా వదిలిపెట్టలేదు. ఆ పుస్తకాలు తప్పించుకోడానికో, రెండో రొట్టె కోసమో, జిల్లా ఆయన కాగితం తిరిగి సంచీలో పెట్టేసుకున్నాడు. ఊరు ఎక్కడికీ కదలక్కర్లేదని ఓడెక్కుతూ చెప్పాడు.

అంతకు పది రోజుల ముందే ఉలీతకి నొప్పులొచ్చాయి. నీలం చారల సంచీలో ఎండుగడ్డి కూరి, ఆవిరి స్నానాల గదిలో పరిచారు. ఉత్త పరుపు. పోటెక్కే వేళకి అది ఎక్కడిదక్కడే ఉంది. నడుం కింద ఏమీ లేవలేదు. ఉలీత చాలా కష్టపడింది, అమ్మా అని చాలాసార్లు అరిచింది. మావ్రా తన ముసలి వీపుని మనవరాలి వీపుకి ఆనించి, తెల్లవార్లూ ఆసరాగా కూర్చుంది. పోటు పూర్తిగా నిండిన వేళకి ఆడపిల్ల పుట్టింది. ముక్కు పఖోమ్‌ది. పేరు ముందే అనుకున్నదే, అనీస్య.

"పరుపు లేకుండానే కన్నావు చూడు," అంది మావ్రా, బొడ్డుకి ముడి వేస్తూ.

"ఇంకోసారి కననులే," అంది ఉలీత. నీరసంగా ఉంది, ఒళ్ళంతా నొప్పిగా ఉంది, ఇంత సంతోషం తనకి ఎప్పుడూ తెలియదు.

పరుపు పోయాక పఖోమ్‌కి పొద్దున్నే తోచేది కాదు. అర్సేనీ ఇచ్చిన అచ్చు పట్టిక మెట్ల మీద కూర్చుని వేలు పెట్టి చదువుకుని, రెండుసార్లు బురదలో దిగబడి, పట్టిక వేసినవాడి వంశాన్ని తిట్టుకున్నాడు. అలా మూడు వారాలు.

నాలుగో వారంలో ఒకనాడు పొద్దున్నే ఉలీత ఉయ్యాల దగ్గరికొచ్చి, పిల్ల కింద దుప్పటి తడిసిందేమో చూద్దామని చెయ్యి పెట్టింది. దుప్పటి పొడిగా ఉంది. దుప్పటికీ పిల్లకీ మధ్య ఆమె వేళ్ళు ఏ అడ్డూ లేకుండా ఇటునించి అటు పోయాయి. పిల్ల పిడికిళ్ళు బిగించి హాయిగా నిద్రపోతోంది. ఉలీత, దుప్పటికి గుండీలు కుట్టాలి కాబోలు అనుకుంది. తర్వాత తలుపు తెరిచి బయటికి చూసింది.

పఖోమ్ మెట్ల మీద పట్టిక ముందేసుకుని కూర్చున్నాడు.

"మామయ్యా, అది అవతల పారేసి నన్నడుగు."

అతను ఆమె ముఖం చూశాడు. పట్టిక మడిచి బూటులో దోపుకుని, తెడ్డు భుజానికెత్తుకుని, గడప అవతల సరిగ్గా తన పాత చోట నిలబడ్డాడు.

"తేలిందా, ఉలీతా?"

"రెండు వేళ్ళు. ఎక్కుతోంది," అంది ఉలీత. "పడవలు దించుకోండి. చప్పుడు చెయ్యకుండా దించండి, పాప నిద్రపోతోంది."